హారం సున్నా అయ్యే చోట: బీజీయ భిన్నాలపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బీజీయ భిన్నాల గురించే ఉన్నాయి. అడిగినవారు వేరైనా చాలా ఉత్తరాల్లోని చిక్కు ఒకటే కావడంతో, వాటిలో కొన్నింటిని ఎంచి ఒకచోట జవాబులిస్తున్నాను. పాఠ్యపుస్తకాల్లో 'ఎక్స్' అని కనిపించే అజ్ఞాతరాశిని ఇక్కడ 'య' అని రాస్తున్నాను. భాస్కరాచార్యుడు అజ్ఞాతరాశిని 'యావత్తావత్' అని పిలిచి, క్లుప్తంగా 'యా' అని రాసేవాడు కాబట్టి ఈ అక్షరం మన గణితానికి కొత్తది కాదు.

ప్రశ్న: య/(య − 3) − 2 = 3/(య − 3) అనే సమీకరణాన్ని సాధిస్తే నాకు య = 3 వచ్చింది. మూడుసార్లు మళ్లీ చేసి చూసుకున్నాను, ఎక్కడా తప్పు దొరకలేదు. పుస్తకం చివర ఇచ్చిన జవాబుల్లో మాత్రం 'సాధన లేదు' అని ఉంది. అది అచ్చుతప్పేనా మాస్టారూ? (పదో తరగతి విద్యార్థిని, తణుకు)

జవాబు: అచ్చుతప్పు కాదమ్మా. నీ కూడికలు, తీసివేతలు కూడా సరిగ్గానే ఉన్నాయి. రెండువైపులా (య − 3)తో గుణిస్తే య − 2(య − 3) = 3 వస్తుంది. బ్రాకెట్ తీసేస్తే −య + 6 = 3, అంటే య = 3. ఇంతవరకు నిన్ను తప్పుపట్టడానికి ఏమీ లేదు. ఇప్పుడు ఆ 3ను నువ్వు మొదట రాసుకున్న సమీకరణంలో పెట్టి చూడు. ఎడమవైపు 3/0 − 2, కుడివైపు 3/0 వస్తాయి. రెండువైపులా 3/0 కనిపిస్తోంది కదా, సరిపోయినట్టే అని సంతోషించకూడదు. సున్నాతో భాగహారానికి అర్థమే లేనప్పుడు, అర్థం లేని రెండు రాతల్ని పక్కపక్కన పెట్టి సమానమని చెప్పడం కుదరదు.

మరి తప్పు లేని దారిలో నడిచి తప్పు చోటికి ఎలా చేరావు? రెండువైపులా (య − 3)తో గుణించిన అడుగు దగ్గరే ఆగి చూడాలి. 5 = 7 అన్నది అబద్ధం. దాన్ని రెండువైపులా సున్నాతో గుణిస్తే 0 = 0 అన్న నిజం వస్తుంది. అబద్ధాన్ని నిజంగా మార్చే శక్తి గుణకారాల్లో సున్నాతో గుణకారానికి మాత్రమే ఉంది. నువ్వు గుణించిన (య − 3) మామూలుగా సున్నా కాదు, కానీ య విలువ 3 అయితే సరిగ్గా సున్నాయే అవుతుంది. అంటే ఆ ఒక్క విలువ దగ్గర నువ్వు రెండువైపులా సున్నాతో గుణించినట్టే. అందుకే అసలు సమీకరణంలో లేని మూలం కొత్త సమీకరణంలో చేరిపోయింది. మా బడిలో మాస్టారు వీటిని 'దొంగ మూలాలు' అనేవారు. ఆ పేరు పాఠ్యపుస్తకాల భాష కాకపోవచ్చు గానీ, పనికొచ్చే పేరే.

హారాలను తొలగించగానే వచ్చే సమీకరణం పాతదానికి వారసురాలే తప్ప ప్రతిసారీ దానికి సమానం కాదు. పాతదాన్ని తృప్తిపరిచే ప్రతి విలువా కొత్తదాన్ని తృప్తిపరుస్తుంది, కానీ కొత్తదాన్ని తృప్తిపరిచేవన్నీ పాతదానికి చెందినవని చెప్పలేం. ఒక్కోసారి రెండు మూలాలు వచ్చి, వాటిలో ఒకటి అసలైనది, ఒకటి దొంగది అవుతుంది. ఈ సమీకరణం చూడు:

య/(య − 2) + 1/(య − 4) = 2/(య² − 6య + 8)

కుడివైపు హారాన్ని కారణాంకాలుగా విడదీస్తే (య − 2)(య − 4) అవుతుంది, కాబట్టి మూడు హారాల క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) కూడా అదే. లెక్క మొదలుపెట్టకముందే పక్కన 'య ≠ 2, య ≠ 4' అని రాసుకో. ఆ తర్వాత క.సా.గు.తో ప్రతి పదాన్నీ గుణిస్తే య(య − 4) + (య − 2) = 2 వస్తుంది, అంటే య² − 3య − 4 = 0. దీని కారణాంకాలు (య − 4)(య + 1). మూలాలు 4, −1. నాలుగును మొదటి పంక్తిలోనే నిషేధించాం కాబట్టి అది పోయింది. −1 పెడితే ఎడమవైపు 1/3 − 1/5 = 2/15, కుడివైపు 2/(1 + 6 + 8) = 2/15. అదొక్కటే సాధన.

పరీక్షలో సరిచూసుకునే సమయం ఉండదని నీ ఉత్తరం చివర రాశావు. మొత్తం సమీకరణంలో ప్రతిక్షేపించడానికి సమయం లేకపోయినా, వచ్చిన విలువ ఏ హారాన్నైనా సున్నా చేస్తుందా అని చూడటానికి పది సెకన్లు చాలు. దొంగ మూలాన్ని పట్టుకోవడానికి అంతకన్నా అక్కర్లేదు. లెక్కలో జరిగిన ఇతర పొరపాట్లను పట్టుకోవాలంటే మాత్రం పూర్తి ప్రతిక్షేపణ చేయాల్సిందే.

ప్రశ్న: (య² − 9)/(య + 2) = య − 3 అన్న సమీకరణంలో రెండువైపులా (య − 3) కొట్టేస్తే (య + 3)/(య + 2) = 1 వస్తోంది. అడ్డగుణకారం చేస్తే 3 = 2 అని తేలుతోంది. కాబట్టి సాధన లేదని రాశాను. మార్కులు వేయలేదు. (డిప్లొమా విద్యార్థి, కరీంనగర్)

జవాబు: మార్కులు వేయకపోవడం న్యాయమే. తణుకు అమ్మాయి గుణించి లేని మూలాన్ని తెచ్చుకుంది, మీరు భాగించి ఉన్న మూలాన్ని పోగొట్టుకున్నారు. (య − 3)ను కొట్టేయడమంటే రెండువైపులా దానితో భాగించడమే, సున్నా కానిదానితో మాత్రమే భాగించవచ్చు. య = 3 అయితే ఎడమవైపు 0/5, కుడివైపు 0, అంటే సమీకరణం చక్కగా సరిపోతోంది. ఆ ఒక్క సాధననే మీరు మొదటి అడుగులో చెరిపేశారు. చేయవలసిన పద్ధతి ఇది: య ≠ −2 అని రాసుకుని, (య − 3)(య + 3) = (య − 3)(య + 2) అని తెచ్చి, అన్నింటినీ ఒకవైపుకు చేర్చి (య − 3)ను ఉమ్మడిగా బయటికి తీయాలి. లోపల (య + 3 − య − 2) అంటే 1 మిగులుతుంది కాబట్టి య − 3 = 0.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. (య + 3)/(య + 5) అని కనిపించగానే పైన, కింద ఉన్న 'య'లను కొట్టేసి 3/5 అని రాస్తాడు. తప్పని ఎన్నిసార్లు చెప్పినా, 'పైనా కిందా ఒకటే ఉంటే కొట్టేయొచ్చని టీచరే చెప్పారు' అంటాడు. నేను వాణిజ్యశాస్త్రం చదివినదాన్ని, ఎందుకు తప్పో వివరించలేకపోతున్నాను. (గృహిణి, హోసూరు)

జవాబు: మీ అబ్బాయి ఒక్కడే కాదండి, బీజగణితం మొదలుపెట్టిన పిల్లల్లో చాలామంది చేసే పొరపాటు ఇది. దీనికి కారణం కొంతవరకు 'కొట్టేయడం' అన్న మాటే. పైన ఒక గీత, కింద ఒక గీత గీస్తే రెండూ మాయమైపోతాయన్న భావన ఆ మాటలో ఉంది. నిజానికి అక్కడ జరిగేది మాయం కావడం కాదు, భాగహారం. లవాన్ని మొత్తంగా, హారాన్ని మొత్తంగా ఒకే రాశితో భాగించినప్పుడు భిన్నం విలువ మారదు. ఆ 'మొత్తంగా' అన్న మాటను టీచర్ చెప్పే ఉంటారు, పిల్లవాడి చెవిలో మిగిలింది మాత్రం గీతలే.

ముందు వివరణ జోలికి పోకుండా సంఖ్యలతో చూపించండి. య స్థానంలో 1 పెట్టమనండి. (1 + 3)/(1 + 5) అంటే 4/6, అంటే 2/3. వాడు రాసిన 3/5 దానికి సమానం కాదు. పిల్లలు మన వాదనను కాదన్నా, తమ చేత్తో చేసిన లెక్కను కాదనరు. ఆ తర్వాత పదానికి, కారణాంకానికి ఉన్న తేడా చెప్పండి. కూడికతోనో తీసివేతతోనో కలిసి ఉన్నవి పదాలు, గుణకారంతో కలిసి ఉన్నవి కారణాంకాలు. కొట్టేసే అధికారం కారణాంకాల మీదే ఉంది. (య + 3)లో య ఒక పదం మాత్రమే. ఉదాహరణకు (య² − 9)/(య² + 5య + 6) తీసుకోండి. ఇందులో య²లను కొట్టేయకూడదు. విడదీస్తే పైన (య − 3)(య + 3), కింద (య + 2)(య + 3). ఇప్పుడు (య + 3) మొత్తం ఒక కారణాంకం కాబట్టి దానితో భాగించవచ్చు, (య − 3)/(య + 2) మిగులుతుంది. ఇక్కడ కూడా య ≠ −3 అన్న నిబంధనను పక్కన ఉంచుకోవాలి, ఎందుకంటే సూక్ష్మీకరించిన రూపంలో −3 పెట్టవచ్చు గానీ అసలు రూపంలో పెట్టలేం.

ఒక తమాషా కూడా చూపించండి. 16/64లో రెండు ఆరులనూ కొట్టేస్తే 1/4 వస్తుంది, అది నిజంగానే సరైన జవాబు. 19/95లో తొమ్మిదులు కొట్టేస్తే 1/5, అదీ సరైనదే. అదే పద్ధతిలో 13/35లో మూడులు కొట్టేస్తే 1/5 వస్తుంది, అది తప్పు. తప్పు దారిలోనూ అప్పుడప్పుడు సరైన జవాబు దొరుకుతుందని తెలిసిన పిల్లవాడు, జవాబు కలిసినంత మాత్రాన పద్ధతిని నమ్మడు.

ప్రశ్న: 3/(య − 1) − 2/(య + 1)ను సూక్ష్మీకరించమంటే య + 5 అని రాశాను. మా స్నేహితుడికి 1/(య − 1) వచ్చింది. ఇద్దరిలో ఎవరిది ఒప్పు? (ఓపెన్ స్కూల్ అభ్యాసకుడు, నంద్యాల)

జవాబు: ఇద్దరిదీ కాదు. మీ పొరపాటు, మీ స్నేహితుడి పొరపాటు రెండూ వేరువేరు జాతులవి.

మీరు హారాలను తొలగించారు. సమీకరణంలో అది చెల్లుతుంది, ఎందుకంటే అక్కడ సమాన గుర్తుకు రెండు వైపులుంటాయి, రెండింటినీ ఒకే రాశితో గుణిస్తే సమానత్వం నిలుస్తుంది. ఇక్కడ సమాన గుర్తే లేదు. ఇచ్చినది ఒక సమాసం మాత్రమే, దాన్ని (య² − 1)తో గుణిస్తే దాని విలువే మారిపోతుంది. వంద రూపాయల అప్పును రెండువైపులా రెట్టింపు చేసి రాసుకుంటే లెక్క తేడా రాదు గానీ, ఒక్కరి పుస్తకంలోనే రెట్టింపు చేస్తే గొడవ మొదలవుతుంది. సమాసాన్ని సూక్ష్మీకరించేటప్పుడు హారం చివరివరకూ ఉండాల్సిందే.

మీ స్నేహితుడు హారాన్ని ఉంచాడు, గుర్తు దగ్గర జారాడు. లవం 3(య + 1) − 2(య − 1). రెండో బ్రాకెట్‌ను విప్పితే −2య + 2 రావాలి. అతను −2య − 2 అని రాసి ఉంటాడు. అప్పుడు లవం య + 1 అవుతుంది, హారంలోని (య + 1)తో అది ముచ్చటగా కొట్టుడుపోయి 1/(య − 1) మిగులుతుంది. జవాబు ఇంత అందంగా వచ్చాక తప్పని ఎవరికీ అనుమానం రాదు, అదే ఇందులో ప్రమాదం. సరైన లవం య + 5, కాబట్టి జవాబు (య + 5)/(య² − 1). య = 2 పెట్టి చూడండి: ఇచ్చిన సమాసం 3 − 2/3, అంటే 7/3. మన జవాబు 7/3. మీ స్నేహితుడిది 1, మీది 7. భిన్నానికి ముందు తీసివేత గుర్తు ఉన్నప్పుడల్లా లవానికి బ్రాకెట్ వేసి తర్వాతే విప్పడం అలవాటు చేసుకోండి.

ప్రశ్న: మూడు భిన్నాలున్నప్పుడు కూడా అడ్డగుణకారం చేయవచ్చా? (పేరు రాయలేదు)

జవాబు: ఉన్నవి ఉన్నట్టుగా చేయకూడదు. సమాన గుర్తుకు అటొక భిన్నం, ఇటొక భిన్నం ఉన్నప్పుడే అడ్డగుణకారం. ఎడమవైపు రెండుంటే ముందు వాటిని ఒకటిగా కలపండి, లేదా అన్నింటినీ క.సా.గు.తో గుణించండి. రెండో దారే పొట్టిది.

ప్రశ్న: మా తాతగారు లీలావతి గణితంలోని తామరపూల లెక్క చెప్పేవారు. ఇప్పుడు మనవరాలి పుస్తకంలో బీజీయ భిన్నాలు చూస్తుంటే అది గుర్తొచ్చింది. మన పూర్వుల దగ్గర ఈ హారంలో సున్నా సమస్యకు పరిష్కారం ఉందా? (విశ్రాంత ఉపాధ్యాయులు, అమలాపురం)

జవాబు: భాస్కరాచార్యుడి లీలావతిలోని తామరపూల లెక్కను పాఠకుల కోసం ఒకసారి చెబుతాను. ఒక పూలరాశిలో మూడో వంతుతో శివుణ్ని, అయిదో వంతుతో విష్ణువును, ఆరో వంతుతో సూర్యుణ్ని, నాలుగో వంతుతో దేవిని పూజించగా మిగిలిన ఆరు పూలను గురువు పాదాల దగ్గర ఉంచారు. మొత్తం పూలెన్ని? హారాల క.సా.గు. 60. వంతులన్నీ కలిపితే (20 + 12 + 10 + 15)/60, అంటే 57/60. మిగిలింది 3/60, అంటే ఇరవయ్యో వంతు. అది ఆరు పూలు కాబట్టి మొత్తం 120. ఇందులో హారాలు అన్నీ సంఖ్యలే, అజ్ఞాతరాశి ఏ హారంలోనూ లేదు. అందుకే సున్నా బెడద రాలేదు.

భిన్నాల హారాలను సమం చేసే పద్ధతికి మన గణితంలో 'కళాసవర్ణం' అని పేరు. దీనికి క.సా.గు.ను వాడవచ్చని, దాన్ని 'నిరుద్ధం' అని పిలుస్తూ 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో చెప్పాడు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. తెలుగులో శాస్త్రగ్రంథాల చరిత్ర లెక్కల పుస్తకంతోనే మొదలయిందని చెప్పుకోవడం నాకెప్పుడూ ఇష్టంగా ఉంటుంది.

హారంలో సున్నా విషయంలో మాత్రం మన పూర్వులు ఒకరితో ఒకరు ఏకీభవించలేదు. 628లో బ్రహ్మగుప్తుడు సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా అన్నాడు. మహావీరుడు సంఖ్యను సున్నాతో భాగిస్తే అది మారదన్నాడు. ఈ రెండింటినీ నేటి గణితం ఒప్పుకోదు. భాస్కరాచార్యుడు తన 'బీజగణితం' గ్రంథంలో సున్నా హారంగా ఉన్న రాశిని 'ఖహరం' అని పిలిచి, ఎన్ని కలిపినా తీసినా మారని దాని స్వభావాన్ని సృష్టిప్రళయాలలో మార్పు చెందని అనంతునితో పోల్చాడు. కవిత్వం గొప్పదే, కానీ ఆయన లీలావతిలోనే ఇంకో లెక్క ఉంది: ఒక సంఖ్యను సున్నాతో గుణించి, వచ్చినదానికి దానిలో సగం కలిపి, మూడుతో గుణించి, సున్నాతో భాగిస్తే 63 అయింది, ఆ సంఖ్య ఏది? జవాబు 14 అని ఇచ్చాడు. పైనున్న సున్నాను, కిందనున్న సున్నాను కొట్టేస్తేనే సంఖ్యకు నాలుగున్నర రెట్లు 63 అయి, 14 వస్తుంది. సున్నాకు బదులు అతి చిన్న రాశిని ఊహించుకుంటే ఆ పని చెల్లుతుంది కాబట్టి, అవధుల (లిమిట్స్) ఆలోచన ఇందులో తొంగిచూస్తోందని మెచ్చుకునేవారున్నారు. నేను కూడా మెచ్చుకుంటాను, కానీ మీ మనవరాలు పరీక్షలో ఇలా చేస్తే కాపాడలేను.

ప్రశ్న: ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చదువుతున్నాను. సమాంతరంగా కలిపిన రెండు నిరోధాల సూత్రంలో మొత్తం నిరోధం 4 ఓములు, ఒకటి 6 ఓములు అయితే రెండోది కనుక్కోవాలి. 1/4 = 1/6 + 1/య అని రాసి, అన్నింటినీ తిరగేస్తే 4 = 6 + య వచ్చింది. య = −2 ఓములు. అలాంటి నిరోధం ఉంటుందా? (ఐటీఐ విద్యార్థి, మంచిర్యాల)

జవాబు: మీ వైరింగు బల్ల మీద అలాంటిది దొరకదు. జవాబును అనుమానించి ఉత్తరం రాయడమే మీరు చేసిన మంచి పని. సమాన గుర్తుకు రెండువైపులా తిరగేయవచ్చు, కానీ వైపు మొత్తాన్ని ఒక్క భిన్నంగా మార్చాక మాత్రమే. 1/2 + 1/3 అంటే 5/6. దాన్ని తిరగేస్తే 6/5 వస్తుంది, 2 + 3 రాదు. మీ లెక్కలో 1/య = 1/4 − 1/6 = 1/12 అని తెచ్చుకుంటే, ఇప్పుడు ఇటొకటి, అటొకటి ఉన్నాయి కాబట్టి ధైర్యంగా తిరగేయండి. య = 12 ఓములు. సమాంతర కలయికలో మొత్తం నిరోధం విడివిడి నిరోధాలన్నింటికన్నా తక్కువ ఉండాలి. నాలుగు, ఆరుకన్నా పన్నెండుకన్నా తక్కువే.

ప్రశ్న: నిశ్చల నీటిలో గంటకు 12 కి.మీ. వేగంతో నడిచే లాంచీ గోదావరిలో 35 కి.మీ. ఎదురేగి, తిరిగి రావడానికి మొత్తం 6 గంటలు పట్టింది. ప్రవాహ వేగమెంత? ఎదురేగేటప్పుడు పోయే వేగం దిగువకు వచ్చేటప్పుడు కలిసొస్తుంది కదా, అప్పుడు 70 కి.మీ.కు 5 గంటల 50 నిమిషాలే పట్టాలి. ఈ అదనపు 10 నిమిషాలు ఎక్కడివి? (పోటీ పరీక్షల అభ్యర్థి, రాజమహేంద్రవరం)

జవాబు: కలిసొచ్చే వేగం, పోయే వేగం సమానమే, కానీ పోగొట్టుకుంటూ గడిపే సమయం ఎక్కువ. ఎదురేగే ప్రయాణం నెమ్మదిగా సాగుతుంది కాబట్టి ఆ నష్టాన్ని లాంచీ ఎక్కువసేపు భరిస్తుంది. సమయం అంటే దూరాన్ని వేగంతో భాగించడం, వేగం హారంలో ఉన్నప్పుడు వేగాల సగటు తీసుకోవడం పనికిరాదు. ప్రవాహ వేగం య అనుకుంటే:

35/(12 − య) + 35/(12 + య) = 6

ఇక్కడ య ≠ 12, య ≠ −12. నది వేగం 12 అయితే లాంచీ ఎదురేగలేక ఉన్నచోటే ఉంటుంది, కాబట్టి ఈ నిషేధానికి నది మీద కూడా అర్థముంది. ఎడమవైపును కలిపితే లవంలో య పదాలు రద్దయి 840/(144 − య²) మిగులుతుంది. 840ని 6తో భాగిస్తే 140 కాబట్టి 144 − య² = 140, అంటే య² = 4. మూలాలు 2, −2. ఎదురేగడానికి గంటకు 10 కి.మీ. చొప్పున మూడున్నర గంటలు, తిరిగి రావడానికి 14 కి.మీ. చొప్పున రెండున్నర గంటలు, మొత్తం ఆరు.

ఇక −2 సంగతి. చాలామంది దీన్ని కూడా దొంగ మూలమే అనుకుని కొట్టేస్తారు. కాదు. అది ఏ హారాన్నీ సున్నా చేయదు, ప్రతిక్షేపిస్తే సమీకరణం చక్కగా సరిపోతుంది. వేగం ఎంత అని అడిగారు కాబట్టి రుణసంఖ్యను జవాబుగా రాయం, అంతే. నిజానికి −2 అంటే నది మనం అనుకున్న దిక్కుకు ఎదురుదిక్కులో గంటకు 2 కి.మీ. వేగంతో పారుతోందని. అప్పుడు వెళ్లేటప్పుడు రెండున్నర గంటలు, వచ్చేటప్పుడు మూడున్నర గంటలు పడతాయి, మొత్తం అవే ఆరు గంటలు. మొత్తం సమయం మాత్రమే ఇచ్చి నది ఎటు పారుతోందో అడిగితే, సమీకరణం చెప్పలేదు. అందుకే రెండు దిక్కులనూ చూపించింది.